విప్పకూడని ఈతబుర్ర

నేను ఒక సొరబుర్రను. మా పక్కింటి ఓబులమ్మ మాటే నమ్మితే, నేను ఒక హత్యాయుధాన్ని.

ఆ మాట ఆమె నా ముందు అనలేదు, పిండిమర దగ్గర అన్నదట. "రెడ్డెమ్మ రెండో మొగుడు ఆ పిల్లకు ఈత నేర్పిస్తాండాడంట. సొంత తండ్రి పడి సచ్చిన బావిలోనేనంట. నిమ్మతోట ఆ పిల్ల పేరున ఉండాదని ఊరికంతా తెలిసిందే గదా" అన్నదట. మర చప్పుడులో సగమే వినపడినవాళ్ళు మిగతా సగం తమ ఇంటినుంచి తెచ్చి కలుపుకున్నారు. ఆ మాట పాలకేంద్రం చుట్టూ తిరిగి, చాకిరేవు దాకా పోయి, సాయంత్రానికి మళ్ళీ ఓబులమ్మ చెవిలోనే పడేసరికి ఆమె తన మాటను తానే గుర్తుపట్టలేదట. "ఇంత జరగతాండాదా?" అని ముక్కున వేలేసుకున్నదట.

ఆమెను నేను తప్పుపట్టను. అనుమానం నాకూ పుట్టుకతో వచ్చిన జబ్బే. సొరజాతిలో పుట్టినవాళ్ళకు మనిషి చేయి దగ్గరికొస్తే గుండె జారుతుంది. ఆ చేయి నిమరదు, గోరు గుచ్చి చూస్తుంది. గోరు దిగితే లేత, ఆ పూటకు కూర. దిగకపోతే ముదురు, ఇంకెందుకో పనికొస్తుంది. మంచివాడైనా చెడ్డవాడైనా గుచ్చకుండా మాత్రం ఎవరూ నమ్మరు. నా తోబుట్టువులంతా అలా గోటిగాటుతోనే కూరలోకి పోయారు. నేను పశువుల కొట్టం మీద, పెద్ద ఆకు చాటున దాక్కుని ముదిరాను. నన్ను చూసే వేళకు రెడ్డెమ్మ గోరు నా మీద దిగలేదు. "దీన్ని విత్తనానికి ఉంచుదాం" అని కోసి, వంటింటి దూలానికి కట్టింది. చలికాలమంతా పొయ్యిపొగలో ఎండాను. అక్కణ్ణుంచి ఆ ఇంటి మనుషులను బాగా చూశాను.

ఇంట్లో ముగ్గురు. రెడ్డెమ్మ, ఆమె పదేళ్ళ కూతురు భార్గవి, పెంచలయ్య. భార్గవి తండ్రి నాలుగేళ్ళ కిందట తోటబావిలో మోటారు పైపుకు అడ్డం పడిన చెత్త తీయబోయి జారిపడ్డాడు. ఈత రానివాడు. ఆ రోజునుంచి రెడ్డెమ్మ బావిగట్టు తొక్కలేదు. తోటలో పాదులు చేస్తూ చేస్తూ బావి కనపడే వరస దాకా వచ్చి, అక్కడే పార భుజానికెత్తుకుని వెనక్కి తిరిగేది. పెద్దలు కూర్చుని మాట్లాడి, పక్క మండలంనుంచి పెంచలయ్యను తెచ్చి మారుమనువు చేశారు. మనిషి నల్లగా, పొట్టిగా ఉంటాడు. ఏది మాట్లాడినా తూచి మాట్లాడతాడు. మాటలు తూచి వాడేవాణ్ణి చూస్తే ఊళ్ళకు భయం. ఏదో దాస్తున్నాడని.

పిల్ల ఆయనను ఏ వరసతోనూ పిలిచేది కాదు. అన్నం తినమని చెప్పాలన్నా తల్లికి చెప్పేది. "అన్నం పెట్టినారని చెప్పుమా" అని. ఆయన నాలుగడుగుల దూరంలోనే కూర్చుని ఉండేవాడు.

ఎండాకాలం సెలవులిచ్చారు. వీధిలో పిల్లలంతా మామిడితోపులకు, బావులకు పరుగెత్తుతుంటే భార్గవి గడపలో కూర్చుని దూలంకేసి చూసేది. ఒకరోజు నన్ను చూపించి, గాల్లోకి అడిగినట్టు అడిగింది.

"ఆ కాయ ఏంటికి?"

తల్లి పొయ్యి ఊదుతోంది. పెంచలయ్య జవాబిచ్చాడు. "లోపల గుజ్జు తీసేస్తే ఈతబుర్ర అయితాది. వీపుకు కట్టుకుంటే మునగరు."

"చేసేదానికి వస్తాదా నీకు?"

"ఒక్కనికి రాదు. ఇద్దరుండాల."

రెడ్డెమ్మ ఊదుగొట్టం కింద పెట్టింది. బావి అన్న మాట ఎవరూ అనకపోయినా ఆమెకు వినపడింది.

"వద్దు" అన్నది.

"బావి పక్కన ఇల్లు పెట్టుకోని పిల్లకు ఈత రాకుంటే ఎట్లమే? నువ్వు చూడకుంటే అది పూడిపోతాదా?" అన్నాడు పెంచలయ్య.

పొయ్యిలో మంట ఆరిపోయింది. చివరికి రెడ్డెమ్మ చేయి చాపింది. "బుర్ర కట్టి నేర్పు. ఎంత ఈత వచ్చినా సరే, బుర్ర మాత్రం విప్పకూడదు. చేతిలో చెయ్యేసి చెప్పు."

ఆయన చేయి వేశాడు. "విప్పను" అన్నాడు.

నన్ను నమ్ముకుని ఇద్దరు మనుషులు మాటిచ్చి పుచ్చుకున్నారు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నన్ను దించారు. మొదట ఊపి చూశారు. లోపల గింజలు గలగలమన్నాయి. పెంచలయ్య నా మెడ దగ్గర చిన్న గుండ్రం గీసి, భార్గవి నన్ను ఒళ్ళో గట్టిగా పట్టుకుంటే కొడవలి మొనతో కోశాడు. గింజలు రాలాయి, రెడ్డెమ్మ వాటిని చీరకొంగులో పట్టుకుపోయింది. తరువాత తొట్టిలో ముంచి, లోపలి గుజ్జు కుళ్ళేదాకా నానబెట్టారు. నా కంపు నాకే భరించరానిదయింది. ఓబులమ్మ గోడమీదనుంచి తొంగిచూసి, "ఏం కుళ్ళిందో అడగొచ్చునా?" అన్నది. భార్గవి ముక్కు మూసుకుని, "సొరకాయ పెద్దమ్మా. నీ ఇంటికి పంపిద్దునా?" అన్నది. పెంచలయ్య మొహం తిప్పుకుని నవ్వాడు. ఆ పిల్ల ఆయన నవ్వు చూసింది.

ఆ తరువాత నాలో గులకరాళ్ళు, నీళ్ళు పోసి, అటొకరు ఇటొకరు పట్టుకుని ఊపారు. కుళ్ళంతా రాళ్ళతోపాటు బయటికొచ్చింది. పిల్ల చేతులు నొప్పెడితే ఆయన ఆగేవాడు. "చాలా?" అంటే "ఇంకా" అనేది. నేను లోపల గుల్లనై, బయట నున్ననై, ఆముదం పూసుకుని ఎండలో ఆరాను. వేపకట్టె చెక్కి బిరడా చేశారు. సందుల్లో తేనెమైనం నింపారు. కిత్తనార తాడు పేనడానికి ఇద్దరు తప్పనిసరి. ఒక కొస ఆయన బొటనవేలికి చుట్టుకుంటే, రెండో కొస పట్టుకుని భార్గవి మెలితిప్పుకుంటూ వెనక్కి వెనక్కి నడిచింది. తాడు పొడవవుతున్నకొద్దీ వాళ్ళ మధ్య దూరం పెరిగింది గానీ, మాట్లాడుకోవడం అప్పుడే మొదలైంది. మాటలు వినపడకపోయినా నేను చూస్తూనే ఉన్నాను. అయినా నమ్మలేదు. కొడవలి పట్టిన చేతిని నేనంత తొందరగా నమ్మను.

నన్ను వీపుకు కట్టుకుని ఆ పిల్ల మొదటిసారి బావిలో దిగినప్పుడు పళ్ళు టకటకలాడాయి. నేను తేలాను. నాతోపాటు ఆమె తేలింది. ఒక ప్రాణి బరువును మోయడం నాకదే మొదలు. కొంచెం గర్వపడ్డానంటే అబద్ధం కాదు. పెంచలయ్య నడుముదాకా నీళ్ళున్న మెట్టుమీద నిలబడి, "కాళ్ళు కొట్టు పాపా. బుర్రను నమ్ముకో, చేతులు ఆడించు" అనేవాడు. రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళేవాళ్ళం. ఇంటికొచ్చాక రెడ్డెమ్మ ముందు నా ముడులు తడిమి చూసేది, తరువాతే కూతురి తల తుడిచేది.

అట్లా కొన్నాళ్ళయింది. ఒక మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతోంది. పెంచలయ్య ఒక్కడే కొట్టంలోకి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు. ఆ చూపే నాకు నచ్చలేదు. చూరులోంచి గోనెసంచులు కుట్టే దబ్బనం తీసి, నా కడుపున ఒక పోటు పొడిచాడు, మెడ పక్కన ఇంకొకటి. నీళ్ళు లోపలికి రావాలంటే గాలి బయటికి పోవాలని తెలిసినవాడి పని అది. ఒక బొక్కలో నోరుపెట్టి ఊది, రెండోదాని దగ్గర అరచేయి పెట్టి చూసుకున్నాడు. తృప్తిగా తలాడించి నన్ను కొయ్యకు తగిలించి పోయాడు.

ఓబులమ్మ మాట నిజమేనని అప్పుడు అనుకున్నాను. ఊరు చెప్పేది అబద్ధమైనా ఒక్కోసారి సరిగ్గానే ఉంటుంది.

ఆ సాయంత్రం బావిలో నా కడుపులోకి నీళ్ళు చేరడం మొదలైంది. ఒక్కసారిగా కాదు, సన్నగా, దొంగలా. మొదట ఆ పిల్ల భుజాలు నీళ్ళమీదున్నాయి, తరువాత మెడ, తరువాత గడ్డం. నేను బరువెక్కుతున్నాను. ఆమె కాళ్ళు ఇంకా గట్టిగా కొడుతోంది. ఆయన మెట్టు దిగలేదు, చేయి చాపలేదు. కళ్ళు మాత్రం ఆర్పకుండా చూస్తున్నాడు. పిల్ల రొప్పుతూ మెట్టు అందుకుంది. గట్టెక్కాక ఆయన నా బిరడా పీకి, నీళ్ళన్నీ కాలువలోకి వంపేశాడు. సాక్ష్యం పారబోసేవాణ్ణి నేనప్పుడే చూశాను. భార్గవి పక్కనే నిలబడి, కారిపోయే నీళ్ళవంక చూస్తూ ఒక్క మాటా అడగలేదు. పాపం, ఏమీ తెలియని పిల్ల అనుకున్నాను.

మరుసటి రోజూ అంతే. ఆ మరుసటి రోజూ అంతే. నేను పూర్తిగా నిండిపోయి రాయిలా వేలాడేదాకా వచ్చింది. నన్ను మోసుకుంటూ ఆ పిల్లే ఈదుతోంది. ఎవరు ఎవరిని తేలుస్తున్నారో నాకు అర్థం కాలేదు. అర్థమయ్యే తెలివి ఉంటే నేను బుర్రనెందుకవుతాను. రెడ్డెమ్మ రోజూ ముడులు చూస్తోంది. ముడులు గట్టిగానే ఉన్నాయి. అనుమానించే మనుషులు ఎప్పుడూ ముడులే చూస్తారు.

చివరికి గుట్టు నేనే బయటపెట్టాను. ఒక పొద్దున వంపడంలో నాలో కాసిని నీళ్ళు మిగిలిపోయాయి. కొయ్యకు వేలాడుతూ, చుక్క చుక్కగా కార్చుకుంటూ ఉన్నాను. సాయంత్రం పెంచలయ్యా, భార్గవీ తువ్వాలు తీసుకుని బావివైపు నడిచారు. నా పక్కనుంచే పోయారు. నన్ను తీసుకోలేదు. మర్చిపోయారేమో అనుకున్నాను. వాకిలి దాటేముందు పెంచలయ్య వెనక్కి తిరిగి నావంక చూశాడు. మర్చిపోలేదు.

వాళ్ళటు పోగానే ఓబులమ్మ ఇటు వచ్చింది, పెరుగు తోడుకని. నా కింద నేల తడిసి ఉండటం ఆ కళ్ళు తప్పించుకోలేదు.

"మే రెడ్డెమ్మా, ఎండబెట్టిన బుర్ర ఏడుస్తాదా ఎక్కడన్నా? ఇట్ల రా."

రెడ్డెమ్మ వచ్చింది. ఓబులమ్మ నన్ను తొట్టిలో ముంచి పట్టుకుంది. బుడగలు ఒక్కటొక్కటిగా పైకొచ్చాయి. రెడ్డెమ్మ వేలితో తడుముతూ పోయి, ఆ రెండు బొక్కల దగ్గర ఆగింది. గుండ్రంగా, నున్నగా, దబ్బనం అచ్చు.

"ఎలక కొరికితే ఇట్ల ఉండదు" అన్నది ఓబులమ్మ. అంతకంటే ఎక్కువ అనలేదు. అనాల్సిన పని లేదు.

"ఇది ఈడ ఉంటే, పాప బావిలో ఎట్ల దిగింది?" అన్నది రెడ్డెమ్మ.

నన్ను తొట్టిలోంచి లాక్కుని పరుగెత్తింది. చెప్పులు లేవు. నిమ్మముళ్ళు, ఎండిన పాదులు, వెనక ఓబులమ్మ ఆయాసం. బావి కనపడే వరస వచ్చింది. అక్కడ ఆగలేదు. నాలుగేళ్ళుగా తొక్కని గట్టుమీదికి ఎక్కి, లోపలికి వంగింది.

పెంచలయ్య అదే మెట్టుమీద నిలబడి ఉన్నాడు. భార్గవి బావి నడిమధ్యన ఉంది. వీపుమీద ఏమీ లేదు. రెడ్డెమ్మ నోరు తెరిచింది గానీ అరవలేదు. అరిస్తే పిల్ల బెదురుతుందని ఆ భయంలోనూ ఆమెకు తట్టింది. నన్ను పట్టుకున్న వేళ్ళు నాలోకి దిగిపోతాయేమో అనిపించింది. పిల్ల తొందరపడకుండా, కప్పలాగా కాళ్ళు ముడిచి తన్నుతూ, అటు గోడ తాకి, తిరిగి, ఇటు మెట్టుదాకా వచ్చి రాయి పట్టుకుంది. తల విదిలించి పైకి చూసింది.

"అమా, చూసినావా?" అన్నది.

అప్పుడు రెడ్డెమ్మ నన్ను విసిరింది. పెంచలయ్యకు గురిపెట్టింది. ఆయన పక్కకు జరగలేదు. నేను ఆయన భుజానికి తగిలి, మెట్టురాతి మీద పడి రెండు చెక్కలయ్యాను. ఒక చెక్క మునిగిపోయింది. రెండోదానితో ఇప్పుడు కోళ్ళకు నూకలు చల్లుతున్నారు. మిమ్మల్ని పలకరిస్తున్నది ఆ చెక్కే.

"బొక్కలు పొడిచింది ఎవురు?" అన్నది రెడ్డెమ్మ.

"నేనే" అన్నాడు పెంచలయ్య.

"విప్పనని చేతిలో చెయ్యేసినావే."

"విప్పలేదు. నీళ్ళకు అలవాటు చేసినా. రోజూ కొంచెం కొంచెం బుర్ర బలం తగ్గితే, కొంచెం కొంచెం పిల్ల బలం పెరుగుతాది. మా తావున అందరూ అట్లనే నేర్పిస్తారు."

"పిల్లకు తెలీకుండా చేసేది నేర్పించడమా?" అని ఓబులమ్మ గట్టుమీదనుంచి అందుకుంది.

"నాకు తెలుసు" అన్నది భార్గవి. నీళ్ళలోనే ఉంది, గడ్డం మెట్టుకు ఆనించి. "ముందే చెప్పినాడు. కన్నతండ్రైతే పిల్లకు చెప్పకుండా పొడుస్తాడంట, చెప్తే భయపడతాదని. నేను అట్ల చెయ్యగూడదు పాపా, నువ్వు సరేనంటేనే పొడుస్తా అన్నాడు. తాడు పేనేటప్పుడు చెప్పినాడు. రెండు దినాలు ఆలోచించి నేనే సరే అన్నా. ఈ పూట బుర్ర వద్దన్నదీ నేనే."

నేను అంతకాలం ఆమె వీపుమీదే ఉన్నాను. నాకు తెలియలేదు.

పెంచలయ్య భుజం తుడుచుకున్నాడు. రెడ్డెమ్మ గట్టుమీద చతికిలబడింది. పాదంలో దిగిన ముల్లు చూసుకుంటున్నట్టు కాసేపు వంగి ఉండి, తల ఎత్తకుండానే అన్నది:

"ఇద్దరూ కూడబలుక్కున్నారు. నాకొక్క మాట చెప్పింటే ఏం పోయింది?"

భార్గవి మెట్టెక్కి నిలబడింది. ఒంటినుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒకసారి ఓబులమ్మవంక చూసింది, ఒకసారి తల్లివంక చూసింది.

"చెప్పింటే పంపించింటావా?"