యాభై లోపు

దుర్గ నూతిలోంచి నీళ్ళు తోడుతోంది. ఇంట్లోకి ఒక డబ్బా నిండింది. రెండోది మందుల కంపెనీకి. దాన్ని మొగుడు నరేష్ బండికి కట్టుకుని పోవాలి.

నరేష్ ఆ కంపెనీలో మురుగునీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు ఆపరేటరు. నెలకి పదమూడు వేలు. పర్మనెంటు చేస్తామని మూడేళ్ళుగా చెబుతున్నారు. మురుగునీళ్ళలో రెండు రకాల ఉప్పులు వేసి కలిపితే అమ్మోనియా తెల్లటి రవ్వలా కట్టి అడుక్కి దిగుతుంది. పైతేటని ఊరి పక్కన పారే గెడ్డలోకి వదలాలి. ఉప్పులు ఖరీదని బస్తాలు విప్పరు. ఉన్న నీళ్ళు ఉన్నట్టే గెడ్డలోకి పోతాయి. పరీక్షకి పంపే సీసాలో మాత్రం సగం దుర్గ తోడిన నీళ్ళు పోస్తారు. లీటరుకి తొంభై మిల్లీగ్రాములున్న అమ్మోనియా నలభై అయిదవుతుంది. యాభై లోపుంటే చాలు. ఈ తెలివికి సూపర్‌వైజరు యుగంధర్‌కి కంపెనీవాళ్ళు శాలువా కప్పారు.

ఆ యుగంధర్ కారే గుమ్మానికి అడ్డంగా ఆగింది. నరేష్ వసారాలో కుర్చీ వేసి, తన తువ్వాలుతో తుడిచాడు. ఆ తుడవడం చూసి దుర్గకి ఒళ్ళు మండింది.

"ఏటి కలిపినారు నీళ్ళల్లో?" అన్నాడు యుగంధర్. "నిన్న సీసా ఫెయిలయిపోనాది. అరవై ఒకటి."

"ఏటీ కలపనేదు సార్," అన్నాడు నరేష్. " మా నుయ్యే. మా పిల్లా అయ్యే తాగతాది."

"అయితే నీ నుయ్యే పాడయినాది." జేబులోంచి కాగితం తీసి కుర్చీలో పడేశాడు. "వట్టి నూతినీళ్ళే పరీక్ష సేయించాను. ముప్పై రెండు."

"ఎంతుండాల?" అంది దుర్గ.

"తాగే నీళ్ళకైతే అర దాటకూడదంటారు. అది పుస్తకాల్లో మాట, చెల్లెమ్మా. కంపెనీకే యాభై దాకా ఒప్పుకుంటన్నారు. మీది ముప్పై రెండే గదా. తాగడానికి పర్లేదు. మాకే పనికిరాదు."

నరేష్ తలాడించాడు. అందుకోసమే దాన్ని మెడమీద మోస్తున్నట్టుంటాడు.

"మరి ఆ ఉప్పులేవో ఏసేస్తే పోను గదా?" అంది దుర్గ.

"ఉప్పులు కొంటే మీ ఆయన జీతం ఎవులిస్తారు?" యుగంధర్ నవ్వాడు. "మీ కన్నోరూరు కంపెనీకి ఎగువనే గదా. ఆ నుయ్యి బాగుంటాది. రేపట్నుంచి అక్కడ నీళ్ళు పట్టించండి. పెట్రోలు మాది."

"అలాగే సార్. మా బామ్మర్ది గోపికి సెప్తాను," అన్నాడు నరేష్. "దుర్గా, సార్‌కి టీ ఎట్టు."

"ఏ నీళ్ళతోటి మావా?"

"నాకు టీ అలవాటు లేదు," అన్నాడు యుగంధర్. ప్లాంటులో రోజుకి ఆరుసార్లు తాగే మనిషి.

నరేష్ ఫోనులో గోపి నెంబరు వెతుకుతున్నాడు. దుర్గ కుర్చీలోని కాగితం తీసింది. మడిచి బొడ్లో దోపుకుంది. లోపలికెళ్ళి కూతుర్ని చంకనెత్తుకుని వచ్చింది.

"ఏటే, ఎక్కడికి? ఆ కాయితం సార్‌ది."

ఆమె చెప్పులు తొడుక్కుంది. గడప దాటి, కారుకీ గోడకీ మధ్య సందులోంచి ఒళ్ళు ఒదిగించుకుని వీధిలోకి దిగి, పంచాయితీ ఆఫీసు వైపు తిరిగింది.