తీర్పు చెప్పబోయిన చేట

నేను ఒక చేటను. వెదురు చేటను. నా మొహం చూసి చెప్పండి, మీ వంటింట్లో ఇంతకంటే సాదా మొహం ఇంకెవరికైనా ఉందా? వెనక ఎత్తు, ముందు పల్లం, నోరెప్పుడూ తెరిచే ఉంటుంది. మూసుకోవడం నా పుట్టుకలోనే లేదు గనక, కాస్త కూర్చుని విని వెళ్ళండి. ఇలాంటి నేను ఒకప్పుడు దేవుడి కుడిచెయ్యినని అనుకున్నాను. నవ్వండి, పర్లేదు. కడుపారా నేను నవ్వుకున్నాకే మీకు చెబుతున్నాను.

నన్ను అల్లింది మేదర పోలయ్య. కూరలో ఉప్పెక్కువైందని పెళ్ళాంతో పోట్లాడుతూ అల్లాడు. కోపం వచ్చినప్పుడల్లా బద్ద గట్టిగా లాగాడు, అందుకే నా కుడి అంచు కొంచెం పైకి లేచింది. గొప్పవాళ్ళు పుడితే ఆకాశంలో చుక్క పొడుస్తుందంటారు. నా పుట్టుకకి సాక్షి ఉప్పెక్కువైన వంకాయ కూర.

సంతలో నన్ను కొన్నవాడు జక్కరయ్య. భార్య ఎలీసమ్మ చీర తెమ్మని పంపితే నన్ను తెచ్చాడు. వాన పడుతోందని నన్ను నెత్తిన బోర్లించుకుని, కల్లు వాసనతో, క్రిస్మసు పాట పాడుకుంటూ ఇంటికొచ్చాడు. అప్పుడు నడివేసవి.

"ఏవే, ఏం తెచ్చానో చూడు!"

"చీరేదీ?"

"చీరైతే చిరుగుతుందే. చేట నిలుస్తుంది."

"ముందు నువ్వు నిలబడు, గుమ్మంలో పడేలా ఉన్నావు."

అదీ నా గృహప్రవేశం. మర్నాడు ఎలీసమ్మ నాకు పూత పెట్టడానికి మెంతులు నానబోసింది. కాగితాల గుజ్జు కూడా కావాలి కదా, ఆ ఇంట్లో కాగితాలంటే గుళ్ళో పంచిన కరపత్రాలే. కొన్నింటి మీద మంటల బొమ్మ, నువ్వు ఎక్కడికి పోతున్నావో చూసుకోమని. కొన్నింటి మీద గొర్రెపిల్ల బొమ్మ, దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని. రెండూ ఒకే కుండలో వేసి నానబెట్టి, మెంతిపిండితో కలిపి రుబ్బి నా ఒంటికి పూసింది. ఆరాక ఏది మంటో, ఏది గొర్రెపిల్లో ఎవరూ చెప్పలేరు. నా చదువంతా అదే. అంత చదువుకున్నదాన్ని కదా, మరి పొగరు రాకుండా ఎలా ఉంటుంది?

ఇక్కడ నవ్వకూడని మాట ఒకటి చెప్పాలి. ఒక సాయంత్రం జక్కరయ్య తాగొచ్చి, అన్నం మాడిందని, ఎలీసమ్మ ఎడమ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. ఎముక విరిగింది. పుత్తూరు కట్టు కట్టించినా వంకరగానే అతుక్కుంది. ఆ వంకర ఊరందరికీ కనిపిస్తుంది గానీ, దాని బరువు తెలిసింది నాకే. ఆ చెయ్యి నన్ను పట్టుకున్నప్పుడల్లా తెలిసేది. కుడిచెయ్యి ఎగరేస్తే ఎడమచెయ్యి వెనకబడేది. అందుకని ఎలీసమ్మ ఎత్తుగా ఎగరెయ్యడం మానేసింది. తక్కువగా, మెల్లిగా చెరిగేది. చెరగడం అయ్యాక కింద పడిన పొట్టులో వేళ్ళు పెట్టి కెలికి, జారిపోయిన గింజల్ని ఏరి మళ్ళీ నాలో వేసుకునేది. పక్కింటి వాళ్ళు ఒక పూటలో చేసే పని ఈవిడకి రెండు పూటలు పట్టేది.

ఆ జక్కరయ్యే, ఆవిడకి టైఫాయిడ్ వచ్చినప్పుడు మంచం పక్కనుంచి కదల్లేదు. తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాడు. బియ్యం తనే చెరుగుతానని నన్ను పట్టుకుని, గింజా పొట్టూ కలిపి వాకిట్లోకి విసిరాడు. ఆ రోజు కోళ్ళకి పండగ. ఇలాంటి మనిషిని ఏ గంపలో వేస్తారు చెప్పండి? నాకైతే అప్పట్లో ఏ అనుమానమూ లేదు. ఆ సంగతికే వస్తున్నాను.

ఒక ఎండాకాలం కాలవగట్టు మీద కాలు జారి నీళ్ళలో పడి జక్కరయ్య పోయాడు. తాగే ఉన్నాడు. తను విరిచిన ఆ చేతి గురించి ఒక్క మాటంటే ఒక్క మాట అనకుండానే పోయాడు. కూతురు ప్రిస్కిల్ల సమాధి కట్టించింది. మా పేటలో ఒక ఆనవాయితీ ఉంది. ఈస్టరు ముందు శనివారం అందరూ సమాధులకి సున్నం పూస్తారు. పోయినవాడి పెళ్ళాం బతికుంటే మొదటి పూత ఆవిడదే. ఆవిడ పూయనిదే ఇంకెవరూ బ్రష్షు ముట్టుకోరు. ఎలీసమ్మ ఏ ఏడూ పూయలేదు. తెల్లటి సమాధుల మధ్య జక్కరయ్య సమాధి ఒక్కటే నాచు పట్టి నల్లగా ఉండిపోయింది.

ఇక నా వైభవం వినండి. కోతల పండగకి నతానియేలు అయ్యగారు, మా గుడి పాస్టరు, ప్రసంగంలో చూపించడానికి ఒక చేట కావాలన్నారు. ఎలీసమ్మ నన్ను కడిగి తుడిచి పంపింది. అయ్యగారు నన్ను మైకు ముందు ఎత్తిపట్టుకుని, రాబోయే ప్రభువు చేతిలో ఇలాంటి చేటే ఉంటుందనీ, గింజల్ని కొట్లో పోసుకుంటాడనీ, పొట్టుని ఆరని మంటలో వేస్తాడనీ చెప్పారు. జనం "ఆమెన్" అన్నారు. నన్ను చూసే అన్నారని నా నమ్మకం.

ఆ రోజు నుంచి నన్ను పట్టలేకపోయారు. గోడకి తగిలించినా తల ఎత్తుకునే వేలాడేదాన్ని. వాకిట్లోకి వచ్చినవాళ్ళందరికీ తీర్పు చెప్పేదాన్ని. నా మీద పడుకున్న పిల్లి, పొట్టు. మా కోళ్ళకి నూకలు వేసిన పొరుగమ్మ, గింజ. అదే పొరుగమ్మ నన్ను అరువు తీసుకెళ్ళి రెండ్రోజులు తిరిగివ్వకపోతే, పొట్టు. తెచ్చిచ్చేటప్పుడు తుడిచి తెస్తే, మళ్ళీ గింజ. జక్కరయ్య సంగతి నా కోర్టులో విచారణకి కూడా రాలేదు. పచ్చి పొట్టు, ఇంకేం చూడాలి? ఇలాంటి దేవుడు లేడు కాబట్టి మీరంతా బతికిపోయారు.

అదే ప్రసంగం ఎలీసమ్మకి మాత్రం గొంతులో ముల్లయింది. చలికాలమంతా ఆవిడ నన్ను పట్టుకుని, ఎగరెయ్యబోయి, ఆగి, ఖాళీగా చూస్తూ కూర్చునేది.

ఈస్టరు ముందు శనివారం ప్రిస్కిల్ల అత్తారింటి నుంచి సున్నం నానబోసిన బకెట్టుతో దిగింది. ఎలీసమ్మ అరుగు మీద పండగ బియ్యం చెరుగుతోంది. అప్పుడే నతానియేలు అయ్యగారు ఇల్లిల్లూ పలకరిస్తూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"అమ్మకి మీరైనా చెప్పండి అయ్యగారూ," అంది ప్రిస్కిల్ల. "నాన్న సమాధి చూసి అందరూ నవ్వుతున్నారు."

"నవ్వనీ," అంది ఎలీసమ్మ, తల ఎత్తకుండానే. "ఆయన బతికుండగా ఊరంతా నన్ను చూసి నవ్వలా?"

"నాన్నని ఇంకా ఎన్నాళ్ళు సాధిస్తావే?"

"చచ్చినోణ్ణి నేనేం సాధిస్తానే. నీ అత్తగారి దగ్గర నేర్చుకున్నావా ఈ మాటలు?"

అయ్యగారు నవ్వాపుకుని మంచినీళ్ళు తాగారు. ఎలీసమ్మ నన్ను ఒళ్ళో దించుకుంది.

"ఒకటి అడుగుతాను అయ్యగారూ, కోప్పడకండి. మా ఆయన గింజా, పొట్టా?"

నేను నిటారుగా అయ్యాను. ఎట్టకేలకి నా శాఖకి సంబంధించిన ప్రశ్న!

"అది నేను చెప్పేది కాదు పెద్దమ్మా."

"ఆ రోజు అంత గట్టిగా చెప్పారుగా?"

"మైకులో చెప్పడం తేలిక. అరుగు మీద కష్టం."

"చూడండి. దేవుడు మహా ప్రేమగలవాడు గదాని ఆయన్ని ఊరికే వదిలేశాడనుకోండి, నాకు ఒళ్ళుమంట. నా చెయ్యికి విలువ లేదా అని. పోనీ మంటలో వేశాడనుకోండి, నాకు కడుపుమంట. జొరంలో నా కాళ్ళు పట్టింది ఆయనే కదా. నేను ఏ దేవుడికి దణ్ణం పెట్టుకోను?"

ప్రిస్కిల్ల బకెట్టు కింద పెట్టేసింది. అమ్మ నోట ఆ మాట ఎప్పుడూ విన్నట్టు లేదు.

అయ్యగారు నీళ్ళ గ్లాసు పక్కన పెట్టారు. "ఊరికే మాత్రం వదిలెయ్యడు పెద్దమ్మా. మీ చెయ్యి విరిగితే 'పోన్లే' అని ఊరుకునేవాడు మిమ్మల్ని ప్రేమించినట్టు కాదు. ప్రేమ ఉంది గనకే తీర్పు ఉంది."

"మరి ఆయన మీద?"

"ఆయన మీదా ప్రేమ ఉంది. అక్కడికొచ్చేసరికి నాకూ మాట ఆగిపోతుంది. నాకు తెలిసింది ఒకటే. ఆ రోజున చేట పట్టుకునే చేతికి సిలువ మీద మేకు దిగిన మచ్చ ఉంటుంది. తీర్పు తీర్చేది దెబ్బ తిన్న చెయ్యి. కొట్టిన చెయ్యి కాదు."

ఎలీసమ్మ తన మణికట్టు కేసి చూసుకుంది. నేనూ చూశాను. సిగ్గుతో చచ్చాననుకోండి. ఇన్నేళ్ళూ చెరిగింది నేనేనని మురిసిపోయాను. నన్ను పట్టుకున్న చెయ్యి ఎలాంటిదో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఎగరేసేది ఆ చెయ్యి, ఆపేది ఆ చెయ్యి. దెబ్బ తిన్నది గనకే మెల్లిగా ఎగరేస్తుంది. ఒక్క గింజ కోసం పొట్టు కుప్పంతా వేళ్ళతో వెతుకుతుంది. అలాగని రాయి కనబడితే ముద్దు పెట్టుకుంటుందా? పిల్లల అన్నంలో పడకుండా తీసి అవతల పారేస్తుంది. రెండు పనులూ ఒకే చెయ్యివి, ఒకే పూటవి. నేనా? నాకు గింజకీ రాయికీ తేడా కూడా తెలీదు. రెండూ వీపు మీద గుచ్చుకుంటాయి, అంతే.

"అయితే ప్రభువు నా చెయ్యి మా ఆయనకి చూపిస్తాడా?" అని అడిగింది ఎలీసమ్మ.

"చూపించకుండా ఎలా ఉంటాడు?"

"పక్కకి తిరిగి జారుకోకూడదు. అలవాటు ఆయనకి. నిలబడి చూడాలి."

"చూస్తాడు."

"చూస్తే ఏడుస్తాడు. ఆయనకి ఏడుపు తొందర." ఆవిడ మూతి చివర నవ్వులాంటిది వచ్చి పోయింది. "ఆ తర్వాతో?"

"ఆ తర్వాత ఆ చేతి ఇష్టం. ఇప్పుడే చెబితే నేను అబద్ధమాడినట్టు."

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. ఎలీసమ్మ బియ్యం డబ్బాలో పోసింది. నన్ను బోర్లించి వీపు మీద రెండుసార్లు తట్టింది, దుమ్ము రాలిపోడానికి. నాలో మిగిలిన పొగరు కూడా అప్పుడే రాలిందనుకుంటాను. దొడ్లోకి వెళ్ళి నందివర్ధనం పూలు కోసి నాలో పోసింది.

"బకెట్టు పట్టుకో," అంది కూతురితో.

"ఎక్కడికే?"

"మీ అత్తారింటికి! సమాధుల దొడ్డికే తల్లీ, ఇంకెక్కడికి?"

మేము వెళ్ళేసరికి అక్కడ సగం పేట ఉంది. బ్రష్షులు పట్టుకునే అందరూ మా వైపు తిరిగారు. నన్ను పక్క సమాధి మీద పూలతో దింపారు. మంచి చోటే, అంతా కనిపిస్తుంది. తీర్పేమిటని నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గరా ఏమీ లేదు, పూలు తప్ప. ఎలీసమ్మ కొంగు బిగించి, కొబ్బరి పీచుతో నాచు గీకి, మొదటి పూత వేసింది. ప్రిస్కిల్ల ఏడుస్తూ, నవ్వుతూ వెనకాలే పూసింది.

పూత ఆరుతుండగా ప్రిస్కిల్ల నల్లరంగు డబ్బా తీసింది. రాతి మీద అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. కింది వరసలో "ప్రభువునందు నిద్రించుచున్నాడు" అని ఉంది.

"అమ్మా," అంది భయంభయంగా, "ఈ మాట ఉంచనా? నీకిష్టం లేకపోతే పేరొక్కటే దిద్దుతాను."

ఎలీసమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని ఆ రాతి మీదికి వంగింది.

"ఉంచవే. నిద్రపోనీ. లేచే రోజున నేనూ లేస్తానుగా. ప్రభువుని మధ్యన కూర్చోబెట్టుకుని మాట్లాడుకుంటాం మేమిద్దరం."

అంటూనే, తలవైపు సున్నం పలచగా పడిందని, బ్రష్షు ముంచి ఇంకో పూత వేసింది.