మోకాళ్ళు వంచిన పిల్ల

మడమలు దించండి. మీరు ఎత్తారని నాకు తెలుసు. నేను ఒక ఎత్తు కొలిచే కర్రను. మనుషుల మాట నమ్మడం ఎప్పుడో మానేశాను.

తెనాలి వడ్రంగి ఒకాయన నన్ను టేకుతో చేశాడు. కింద నిలబడటానికి పీట, వెనక అంకెల ఇత్తడి పట్టీ, తలమీదకి జారే చెక్క, దాన్ని బిగించే మర. "అబద్ధమాడకే తల్లీ" అని నా వీపు తట్టి పంపాడు. పాపం, ఆ బుద్ధి చెప్పాల్సింది నాకు కాదు.

మొదటి కొలువు పోలీసు ఎంపికల మైదానంలో. ఒకడు జుట్టులో మైనం ముద్ద దాచుకొచ్చాడు. ఇంకొకడు సొంత తమ్ముడి చేత నెత్తిన కొట్టించుకుని, బొప్పి కట్టాక వచ్చి నిలబడ్డాడు. నడిస్తే వెన్ను కుంగుతుందని ఆటోలో పడుకుని వచ్చిన మహానుభావులూ ఉన్నారు. అందరిదీ ఒకటే యావ, ఉన్నదానికంటే పిసరంత ఎక్కువ కనబడాలి. తరవాత వేలంలో నన్ను ఆడపిల్లల జూనియర్ కాలేజీ కొనుక్కుంది. పోనీలే, బుద్ధిమంతుల మధ్య పడ్డాననుకున్నాను. మొదటి రోజే ఒక పిల్ల మేజోళ్ళలో అట్టముక్కలు పెట్టుకొచ్చింది.

ఆ కాలేజీకి బాస్కెట్‌బాల్ పిచ్చి. పదో తరగతి అయిన పిల్లల ఆట చూసి, నచ్చితే చదువూ హాస్టలూ ఉచితంగా ఇచ్చేవారు. ఆట చూసేది పి.డి. శౌరమ్మ మేడం. పెత్తనం కరస్పాండెంటు పేరయ్య గారిది. ఆయనకి ఆట గురించి తెలిసింది ఒక్కటే: బుట్ట పైన ఉంటుంది కాబట్టి పొడుగాటి పిల్ల దాని కింద నిలబడాలి. అందుకని ఒక ఆచారం పెట్టాడు. ఎంపికైన పిల్లల్లో నా మీద ఎవరు ఎక్కువ పలికితే వాళ్ళు రింగు కిందే ఆడాలి. ఇష్టం లేకపోతే ఇంటికి పోవాలి.

ఆ ఏడాది రెండు చోట్లే ఖాళీ. ఒకటి రింగు కింద, ఒకటి వింగులో. వింగంటే కోర్టు పక్క అంచున ఆడేవాళ్ళు. పరుగూ వాళ్ళదే, దూరం నుంచి గురి చూసి వెయ్యడమూ వాళ్ళదే.

వేటపాలెం హైస్కూలు నుంచి నాగూర్బీ అనే పిల్లని వాళ్ళ డ్రిల్లు మాస్టారు అంకారావు వెంటబెట్టుకొచ్చాడు. వింగులో ఆడతానంది. నన్ను కోర్టు పక్కనే నిలబెట్టారు కాబట్టి ఆ ఆటంతా చూశాను. బంతి చేతికి రాకముందే ఎవరికివ్వాలో చూసి పెట్టుకునేది. ఎదుటి పిల్లకి కాపలా పడితే ఇక వదిలేది కాదు. బంతి పోగొట్టుకున్నప్పుడు మొహం మాడ్చుకోకుండా ముందు వెనక్కి పరుగెత్తేది. శౌరమ్మ మేడం విజిల్ ఊదడం కూడా మరిచిపోయింది. తరవాత ఆవిడకి అనుమానం పట్టుకుంది. అది మాత్రం నాకు బాగా నచ్చింది.

"ఏం మాస్టారూ, ఇంత ఆట ఉన్న పిల్లని ముందు చూసిన గుంటూరు కాలేజీవోళ్ళు ఎట్టా వదిలేశారు? మోకాలేమన్నా దెబ్బతిందా? వయసు దాచారా?"

"అబ్బెబ్బే, బంగారం మేడం" అన్నాడు అంకారావు నేల చూస్తూ. నేల చూస్తూ మాట్లాడేవాణ్ణి నేను నమ్మను.

ఎంపికైన ఇద్దరిలో ముందు రూతు అనే పిల్లని కొలిచారు. ఐదడుగుల తొమ్మిది పలికింది. రింగు కింద తోపులాటంటే రూతుకి పండగే. తరవాత నాగూర్బీ పీట ఎక్కింది. మడమలు ఆనే ఉన్నాయి, తలలో మైనం లేదు. కానీ వీపు నాకు ఆనాల్సిన చోట ఆనలేదు. వదులు ప్యాంటులో మోకాళ్ళు వంచింది! నా జన్మలో పైకి సాగేవాళ్ళనే చూశాను గానీ కిందకి కుంగే మనిషిని అదే చూడటం. దొంగతనం తిరగేసి చేసినా దొంగతనమే. వయసు దాచడానికే అని తీర్మానించేశాను.

మేడం వంగి ఆ మోకాలి మీద చెయ్యి వేసింది. "నిటారుగా నిలబడు."

పిల్ల నిలబడింది. చెక్క రూతు అంకె దాటి పైకి పోయింది.

"ఏందే ఈ వేషాలు? వయసెంతో నిజం చెప్పు."

"పదిహేనే మేడం, అల్లా తోడు." గొంతు బాగా తగ్గించింది. "నా పొడుగు చూసి బళ్ళో ఎప్పుడూ రింగు కిందే పెట్టేవాళ్ళు. గుంజలాగా నిలబడి చేతులెత్తడమే. సాయంకాలం మగపిల్లలతో ఆడి ఈ ఆట నేర్చుకున్నా. గుంటూరోళ్ళు గూడా రింగు కిందే ఆడమన్నారు. అక్కడ నాకు చాతకాలా మేడం. వద్దని పంపేశారు."

"ఇక్కడా వద్దంటే?"

"అమ్మతో పాటు జీడిపప్పు ఒలవటానికి పోవాలి. చదువు లేదింక."

నాకు గుండె ఉంటే అది కలుక్కుమనేది.

"ఎంతమ్మా శౌరమ్మా?" షామియానా కింద నుంచి పేరయ్య గారు అరిచాడు.

మేడం ఆయన వంక చూసింది. పిల్ల వంక చూసింది. బొటనవేలు నా చెక్క మీద పెట్టి మెల్లగా కిందకి నొక్కింది. నాగూర్బీ మళ్ళీ కుంగింది. రూతు అంకె కిందకి దిగాక మేడం మర బిగించింది.

"ఐదు ఎనిమిది సార్! కావాలంటే వచ్చి చూసుకోండి."

ఆయన నిజంగానే వచ్చాడు. కళ్ళజోడు పైకి తోసుకుని ఇత్తడి పట్టీకి ముక్కు ఆనించి చూశాడు. నా మర అరిగిపోయింది. ఒక్క మెలిక వదులైతే చాలు, ఆ చెక్కని పిల్ల తల పైకి తోసేసేది, గుట్టు రట్టయ్యేది. పళ్ళు బిగించి పట్టుకున్నాను. ఆయన తలాడించి వెళ్ళిపోయాడు. రింగు కిందకి రూతు, వింగుకి నాగూర్బీ.

ఆ చలికాలంలో కాలేజీ కప్పు గెలిచింది. బహుమతుల వేళ పిల్లలంతా వరుసలో నిలబడితే పేరయ్య గారి కళ్ళు చిట్లాయి.

"ఈ పిల్ల రూతుని దాటిపోయిందేంది?"

"హాస్టలు భోజనం సార్" అంది శౌరమ్మ మేడం, రెప్ప వెయ్యకుండా.

ఆయన వెంటనే నన్ను తెప్పించాడు. అతిథులందరి ముందూ నాగూర్బీ పీట ఎక్కి, ఈసారి నిటారుగా, గడ్డం పైకెత్తి నిలబడింది. ఆ వీపు నా వీపుకి పూర్తిగా ఆనింది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అంకె చూసి పేరయ్య గారు పొంగిపోయాడు. కప్పు గెలిచిన జట్టు కదా, చోట్లు మార్చే మాటే ఎత్తలేదు. హాస్టలు వంటాయన్ని వేదిక మీదకి పిలిపించి శాలువా కప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

హాస్టల్లో పిల్లలు రోజూ తినే నీళ్ళ సాంబారు కాచేది ఆయనే కదా. జనం వెళ్ళిపోయాక, శాలువా భుజాన వేసుకుని నా దగ్గరకొచ్చాడు. చెక్క పైకీ కిందకీ జరిపాడు, మర తిప్పి చూశాడు. అడుగు వెనక్కి వేసి, నన్ను కిందనుంచి పైదాకా అనుమానంగా చూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు.