మెయిన్ స్విచ్ దగ్గర మనిషి

ఆఖరి కిటికీకి నల్లగుడ్డ బిగిస్తుండగా బ్రహ్మచారికి ఎడమచెయ్యి బరువెక్కింది. చెయ్యి దించి, స్టూలు మీదే కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బోయిగూడ వీధి ఎండ ఒక సందులోంచి చొరబడి అతని చొక్కా మీద పడుతోంది. ఆ సందు మూయాలి. సాయంత్రానికి ఈ హాలు చిమ్మచీకటి కావాలి. పళ్ళ మధ్య ఉన్న మేకు తీసి, మళ్ళీ చెయ్యెత్తి, కొట్టేశాడు.

బక్కపలచని మనిషి. మెడ పొడుగు, బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి, చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టుకుంటాడు. మాట్లాడే ముందు ఒకసారి గుటక వేయడం అలవాటు. చాలాసార్లు ఆ గుటకతో పాటే మాటా లోపలికి పోతుంది. పేరేమో బ్రహ్మచారి. మరి నేనెవరిని అని అతని భార్య బాలమ్మ పెళ్ళయిన నాటినుంచీ వేళాకోళమాడుతూనే ఉంది. వాచనాలయం తలుపులు తీయడం, ఊడ్వడం, కుర్చీలు వేయడం, తాళం వేసుకుని సీతాఫల్‌మండి నడిచిపోవడం, ఇదీ అతని ఉద్యోగం. ఇంచుమించు జీవితమూ ఇదే. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెడ్డగా చెప్పుకోవడానికి అంతకన్నా లేదు.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఈ హాలుకు పండగ. ‘పొలిమేర దివ్వె’ అనే పాత నవలంటే ప్రాణం పెట్టేవాళ్ళంతా ఆ రోజు చేరతారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా వంతులవారీగా నవల మొత్తం పైకి చదువుకుంటారు. దొర మీద తిరగబడిన ఒక పల్లె కథ అది. చివర్లో, అడవిలో దాగిన ఊరి పిల్లలకు ఇల్లు చేరే దారి తెలియకూడదని దొర ఊళ్ళో దీపాలన్నీ ఆర్పిస్తాడు. పోశవ్వ అనే ముసలామె భయపడకుండా వెళ్ళి పొలిమేర మీద ఒక్క దివ్వె వెలిగిస్తుంది. దీపాలారే వాక్యం రాగానే హాలులో లైట్లన్నీ ఆర్పి, ఆ చీకట్లో ఒక మట్టిదివ్వె వెలిగించడం ఆనవాయితీ.

ఆర్పేది బ్రహ్మచారి. మెయిన్ స్విచ్ మాత్రం వేదిక గోడకు అవతల, వెనక వరండాలో ఉంది. వీధి వెలుతురు లోపల పడకుండా తలుపు మూసుకుని అక్కడ నిలబడాలి. మెయిన్ తీయగానే ఇన్వర్టర్ అందుకుంటుంది కాబట్టి దాన్నీ అదే క్షణాన నొక్కాలి. లోపల చప్పట్లు వినబడ్డాక రెండూ మళ్ళీ వేయాలి. వేసి, చుట్టూ తిరిగి హాలులోకి వచ్చేసరికి ట్యూబులైట్ల కింద ఆ దివ్వె వెలుగుతోందో లేదో కూడా తెలియదు. జనం మాత్రం కళ్ళు తుడుచుకుంటూ ఉంటారు. ఎందుకేడుస్తారో అతనికి ఒక్క ఏడూ అంతుబట్టలేదు.

నవల కూడా అతనికి తలుపు అవతలినుంచి విన్నంతే తెలుసు. కుర్చీలు సర్దుతూ కొంత, నీళ్ళ డ్రమ్ము నింపుతూ కొంత. రైలు కూత పెట్టుకుంటూ పోయినప్పుడల్లా రెండు మూడు వాక్యాలు గల్లంతయ్యేవి. వాటి స్థానంలో తనకు తోచింది పెట్టుకునేవాడు. అలా అతని నవలలోకి ఒక రైలు వచ్చి చేరింది. అడవి పిల్లలు దాంట్లోనే ఊరికి వస్తారు. రాత్రంతా ప్రయాణం చేసి, కిటికీ ఊచలకు ముఖాలు ఆనించి, ఎక్కడైనా వెలుతురు కనబడుతుందా అని చూస్తుంటారు. తెల్లవారగట్ల సగం నిద్రలో అతనికి ఆ రైలు వినబడేది. కొన్నిసార్లు తనూ అందులో ఉండేవాడు.

ఈ నవల అభిమానుల సంఘం అధ్యక్షురాలు ఝాన్సీలక్ష్మి కాకినాడనుంచి వచ్చి స్థిరపడిన కాలేజీ లెక్చరరు, ఇప్పుడు రిటైరయ్యారు. మంచి మనిషి. ప్రతి ఏడూ ముగింపు మాటల్లో, బ్రహ్మచారి చూసినన్ని దివ్వెలు మనలో ఎవరూ చూడలేదని చెప్పి చప్పట్లు కొట్టిస్తారు. అతను గుటక వేసి దండం పెడతాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇతనికి అడగడమంటేనే ప్రాణం పోయినట్టుండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ చీకట్లో కూర్చుని చూడాలని ఉండేది. చూడకుండానే పోతానేమోనని ఈమధ్య దిగులు కూడా పట్టుకుంది.

ఇవాళ పొద్దున వస్తూ రైలు వంతెన కింద గుండె పట్టుకుని ఆగిపోయాడు. కూరగాయలకని వంతెనదాకా తోడొచ్చిన బాలమ్మ దవాఖానకు పోదామని గోల పెట్టింది. రేపు తప్పకుండా పోదామని ఒట్టేశాడు. ఆ ఒట్టు మీద ఆమెకు నమ్మకం కుదరక, కుర్చీలు నేనేస్తానంటూ వెంట వచ్చేసింది. కిటికీల పని అయ్యాక ఇక రోజంతా అతన్ని కదలనివ్వకుండా మిగతా పనంతా తనే చేసింది. చివరి అధ్యాయం మొదలవుతుందనగా వరండాలోకి వచ్చి స్విచ్చుల బోర్డు ముందు నిలబడింది.

“ఇన్నేండ్ల సంది ఆర్పుతనే ఉన్నవ్. ముట్టిచ్చేది ఒక్కపారన్న చూసినవా? నువ్వు లోపటికి పో. నేను నిలబడ్త.”

“నీకు తెల్వదే. ఇన్వర్టర్ సుత బంద్ చెయ్యాలె.”

“ఇంట్ల మోటరు బంద్ చేస్త, గ్యాస్ బంద్ చేస్త. గీ రెండు బటన్లు నాకొక తక్లీఫా? పో జెర.”

పిలవని పేరంటానికి వచ్చినవాడిలా అతను హాలు గుమ్మంలో నిలబడ్డాడు. ఝాన్సీలక్ష్మి కంగారుగా లేచి వచ్చి, ఇక్కడున్నారేమిటి, లైట్లెవరు తీస్తారని గుసగుసగా అడిగారు. బ్రహ్మచారి గుటక వేశాడు. ఈసారి మాట లోపలికి పోలేదు.

“మా ఆడామె ఉన్నది మేడం. నేను గా దివ్వె ఎన్నడు సూడలే. ఇయ్యాల సూస్త.”

ఇన్నేళ్ళూ తాను మైకులో చెప్పిందంతా గుర్తొచ్చి ఆవిడ ముఖం ఎర్రబడింది. అతని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ముందు వరసలో తన కుర్చీలో కూర్చోబెట్టి, తాను గోడవార నిలబడ్డారు.

గోడ అడ్డం లేకుండా వింటే ప్రతి మాటా నడిచి వచ్చి పక్కన కూర్చున్నట్టుంది. అతను ఎదురుచూసిన చోట రైలు రాలేదు. పిల్లలు వాగు దాటి నడిచే వస్తున్నారు. అయ్యో, వీళ్ళ కాళ్ళు ఎంత నొస్తాయో అనుకున్నాడు. ఒళ్ళు తేలికగా ఉంది. చెయ్యి నొప్పి ఎవరిదో అన్నట్టుంది. అంతలో ఊళ్ళో దీపాలు ఆరాయి, హాలులోనూ ఆరాయి. ఎంత మెత్తటి చీకటి. ఇన్నేళ్ళూ వీళ్ళందరికీ తాను ఇచ్చింది ఇదన్నమాట.

అవతల బాలమ్మ రెండు చేతులూ రెండు స్విచ్చుల మీద పెట్టుకుని నిలబడింది. ఏమీ కనబడదు, లోపల అందరూ పాడుతున్న పాట మాత్రం కొంచెం వినబడుతోంది. ఇక్కడ ఒక్కడూ ఎట్లా నిలబడ్డాడో అనుకుంది. లోపల దివ్వె వెలిగించాక ఆ వెలుతురులోనే అందరికీ బెల్లంముక్కలు పంచుతారు. అది అయ్యాకే చప్పట్లు. చప్పట్లు మోగాయి. ఆమె రెండూ వేసేసి, చుట్టూ తిరిగి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గబగబా హాలులోకి వచ్చింది.

“ఎట్లుండె?” అంది అతని ముందు వంగి.

బ్రహ్మచారి తల కొద్దిగా పక్కకు వాలి ఉంది. కళ్ళు అరమోడ్పులు. ఝాన్సీలక్ష్మి వచ్చి మణికట్టు పట్టుకుని చూశారు. చాలాసేపు వదల్లేదు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు, ఎవరో వైద్యుడు లేచి వచ్చి చూసి మెల్లగా తల అడ్డంగా ఊపాడు. బాలమ్మ ఏడవలేదు. ఆమెకు ఒకటే తెలియాలి. చూసినంక పోయిండా, చూడకముందే పోయిండా? పక్కవాళ్ళను అడిగింది. అందరూ దివ్వెనే చూస్తున్నారు, అతన్ని చూసినవాళ్ళు లేరు. బెల్లం పళ్ళెం పట్టుకుని తిరిగినామె కూడా ఎవరి చేతిలో వేసిందో చీకట్లో గుర్తులేదంది.

బాలమ్మ కింద కూర్చుని అతని కుడి పిడికిలి విప్పింది. అతని చొక్కా అంచు అందులో నలిగి, పంటిగాట్లతో తడిగా ఉంది. ఎంగిలి అంటకుండా గుడ్డ అడ్డం పెట్టి కొరికి, ఆమె కోసం దాచిన సగం బెల్లంముక్క అరచేతి వేడికి అప్పుడే కాస్త కరుగుతోంది.