ఫస్టు తారీకు, పొద్దుటి షిఫ్టు

దుర్గ్ కోర్టు మనిషి మా స్మృతి నగర్ ఇంటి గేటుకి కాగితం అంటించి వెళ్లేసరికి నేను మేడ మీద వడియాలు పెడుతున్నాను. కిందికి దిగేలోపు వీధిలో ముగ్గురు దాన్ని చదివేశారు. ఇంటిదాన్ని, నేను నాలుగోదాన్ని. మా ఆయన చిన్నారావు, త్రినాథరావు అనే ఆసామికి రెండు లక్షల పదివేలు బాకీ అట. మూడేళ్ల కిందటే కోర్టు తీర్పు ఇచ్చిందట. కట్టకపోతే ఇల్లు వేలం వేస్తారట. ముప్పై నాలుగేళ్లు ఆ మనిషి స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్ల వేడికి ఉడికితే వచ్చిన పీఎఫ్ డబ్బుతో కొన్న ఇల్లు అది. నా కళ్లు ఎర్రబడ్డాయి.

“ఏటిది?” అని కాగితం తీసుకెళ్లి ఆయన ముఖం ముందు పెట్టాను.

పేరు చూడగానే ఆయన తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. “అది ఎప్పుడో తీరిపోయింది రత్నం. ప్రోనోటు సింపీసినానని సెప్పినాడు మరి.”

“సింపితే నువ్వు సూసినావా?”

చూడలేదు. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. రెండువేల పదహారులో మా అమ్మాయి ఇంద్రాణి కోచింగు ఫీజుకి నలభై వేలు తెచ్చాడు. నూటికి నెలకి పది వడ్డీ. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టాడు. దానితోపాటు తన ఏటీఎం కార్డు, నాలుగంకెల నంబరు కూడా ఇచ్చేశాడు.

ఆ రోజుల్లో ఆయనతో ఓవెన్ల మీద పనిచేసే గ్యాంగులో సగం మంది కార్డులు త్రినాథరావు జేబులోనే ఉండేవట. ప్రతి కార్డు మీదా గాయాలకు వేసే పట్టీ ముక్క, దాని మీద పేరూ నంబరూ. జీతాలు పడే ఒకటో తారీకున వాడు పవర్ హౌస్ బజారులో ఏటీఎం ముందు నిలబడి, రబ్బరు బ్యాండు తీసి, ఒక్కో కార్డుతో తన వాటా లాక్కునేవాడు. మా ఆయన కార్డు నుంచి ఆరు వేలు. ఇరవై రెండు నెలలు అలా లాగాడు. ఎవరూ రసీదు అడగలేదు. వాడు మన సోంపేటవాడు, మన భాష మాట్లాడతాడు, బావా అని పిలుస్తాడు. ఊరివాణ్ణి పట్టుకుని రసీదు అడిగితే నామర్దా అట! కార్డు పరాయివాడి జేబులో ఉంటే నామర్దా కాదు కాబోలు.

అదే సాయంత్రం వాడు ఫోను చేశాడు. “బావా, కోర్టుదాకా ఎందుకు? లచ్చన్నర ఇచ్చీ. మిగతాది నేను సూసుకుంటాను.”

“ఇచ్చీద్దాం రత్నం, నీ గాజులు పెట్టి,” అన్నాడు ఈయన నేల చూస్తూ. “పదిమందిలో నా వల్ల కాదు.”

“గాజులు కాదుగదా, గాజు పెంకు కూడా ఇవ్వను. దొంగోడు ఆడు. తల దించుకున్నది నువ్వా?” అన్నాను. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. నేను మాత్రం తిన్నాను, పోట్లాటకి బలం కావాలి కదా.

లాయరు భాగ్యరేఖ ప్లాంటు క్వార్టర్లలో మా పాత సెక్టారు పిల్లే. తాత క్రేన్ ఆపరేటరు. ఇక్కడే పుట్టింది కాబట్టి తెలుగు మాట్లాడుతుంటే మధ్యలో హిందీ దొర్లుతుంది. పాత కాగితాలన్నీ తిరగేసి నవ్వింది. “ఆంటీ, సమన్లు మీ పాత క్వార్టరుకి పంపించాడు. మీరు అప్పటికి ఖాళీ చేసేశారు కదా?”

చేసేశాం. కేసు వేయడానికి ఏడాది ముందే. రిటైరైనప్పుడు క్వార్టరు తాళాలు అప్పగించినట్టు ప్లాంటు వాళ్లిచ్చిన కాగితం నా బీరువాలో ఉంది. మా గృహప్రవేశానికి వచ్చి లడ్డూలు తిన్న త్రినాథరావు కోర్టుకి మాత్రం పాత చిరునామా ఇచ్చాడు. ఎవరి తలుపుకో అంటించిన సమను మాకెలా తెలుస్తుంది? మనిషి రాలేదని కోర్టు వాడివైపే తీర్పు ఇచ్చేసింది. మా కాగితం చూశాక ఆ తీర్పు రద్దయింది, వేలం ఆగింది. కేసు మళ్లీ మొదటి నుంచి మొదలైంది.

“ఇది ఆధా జీతే, సగం గెలుపే ఆంటీ,” అంది భాగ్యరేఖ. “ప్రోనోటు మీద సైన్ అంకుల్‌దే. లక్ష అని వాడు రాసుకున్నాడు. ఒక్క పైసా కట్టలేదంటున్నాడు. కట్టినట్టు మనం చూపించాలి.”

బ్యాంకు నుంచి పాత లెక్కలు తెప్పించింది. తారీకు, టైము, పవర్ హౌస్ మెషిను, ఆరు వేలు. ఇరవై రెండు సార్లు.

“లేకిన్ కార్డు అంకుల్‌ది. అంకులే తీసుకున్నారంటాడు. మెషిన్ ముందు ఎవరున్నారో ఎలా చెప్తాం?”

ఆయన తల ఇంకా కిందికి పోయింది. నేను ఆ కాగితం మీద వేలు పెట్టుకుని ఒక్కో వరుసా చదివాను. అన్నీ ఉదయం తొమ్మిదీ పదీ మధ్యే. ఉదయం తొమ్మిదికి ఈ మనిషి ఎక్కడుంటాడో నాకంటే ఎవరికి తెలుసు? ఫస్టు షిఫ్టు వారం వస్తే నాలుగింటికే లేచి డబ్బా కట్టినదాన్ని. ఆరింటికి లోపలికి వెళ్తే రెండింటిదాకా ప్లాంటు గేటు దాటి వచ్చే మనిషి కాడు.

“ఏటయ్యా, ఫస్టు షిఫ్టులో ఉన్నోడివి పవర్ హౌస్‌కి ఎలగ ఎల్తావు?”

ఆయన తలెత్తి చూశాడు. ఆ కాగితం వచ్చాక ఆయన నన్ను సూటిగా చూడడం అదే మొదలు. “ఎల్లను,” అన్నాడు. “ఓవెన్ వదిలీసి ఒక్కరోజూ ఎల్లనేదు.”

ప్లాంటుకి ఆర్టీఐ అర్జీ పెట్టాం. నెల తిరిగేసరికి ఆయన హాజరు రికార్డు, సీలు వేసి, ఇంటికొచ్చింది. ఇరవై రెండు తారీకుల్లో ఎనిమిది రోజులు ఫస్టు షిఫ్టు, ఎనిమిదీ హాజరు. ఆ సంగతి కోర్టులో చెప్పవలసిన రోజుదాకా పెదవి విప్పవద్దని భాగ్యరేఖ మా ఇద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. నోరు మూసుకుని ఉండడమంత కష్టమైన పని నా జన్మలో ఇంకోటి లేదు.

బోనులో త్రినాథరావు ఇస్త్రీ చొక్కాతో, విభూతితో నిలబడ్డాడు.

“మీరు ఆయన కార్డు ఎప్పుడైనా ముట్టుకున్నారా?” అని హిందీలో అడిగింది భాగ్యరేఖ.

“లేదు.”

“మరి ఈ ఆరు వేలు ప్రతి నెలా ఎవరు తీశారు?”

“ఆయనే తీసుకున్నాడు మేడమ్. జీతం రోజు ఏటీఎం పక్క కొట్లో నేను టీ తాగుతాను. నా కళ్లెదుటే తీసి జేబులో పెట్టుకునేవాడు. నాకు రూపాయి ఇచ్చేవాడు కాదు.”

“ఇరవై రెండు సార్లూ చూశారా? పొరపాటు పడట్లేదు కదా?”

“దేవుడి మీద ప్రమాణం. ఇరవై రెండు సార్లూ చూశాను.”

అప్పుడు ఆ పిల్ల ప్లాంటు కాగితం జడ్జిగారికి అందించింది. ఒక్కొక్క తారీకూ చదివింది. ఆ టైముకి కార్డు పవర్ హౌస్‌లో, మనిషి కోక్ ఓవెన్ల మీద. ఎనిమిది సార్లు అదే మాట. మూడోసారికి త్రినాథరావు చేతిరుమాలు తీశాడు. ఎనిమిదోసారికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నిలబడ్డాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి, “మీరు టీ తాగుతూ చూసింది ఎవర్ని?” అని అడిగారు.

దావా కొట్టేశారు. మా ఖర్చులు వాడే ఇవ్వాలన్నారు. నలభై వేలకి లక్షా ముప్పై రెండు వేలు వాడికి ముట్టిందని, ఇక మా నుంచి వాడికి రావలసింది ఏమీ లేదని తీర్పులో రాశారు. నేను కోర్టు మెట్ల మీదే ఏడ్చేశాను. ఇల్లు మిగిలిందన్న సంతోషం ఆపుకోలేకపోయాను.

తర్వాతి ఆదివారం, తీర్పు సంగతి విని వచ్చి, మా వరండాలో పదకొండు మంది కూర్చున్నారు. కొందరు ఆయన పాత గ్యాంగువాళ్లు, కొందరు కుమ్హారి నుంచి వచ్చే కాంట్రాక్టు పనివాళ్లు. అందరి కార్డులూ ఎవరో ఒక వడ్డీవాడి జేబులో ఉన్నాయి. ఒక్కరూ నోరు విప్పరు. పక్కవాడికి తెలిసిపోతుందని ఎవరి భయం వారిది.

అప్పుడు మా ఆయన కుర్చీలోంచి లేచాడు.

“నేను ఇచ్చీసినాను నా కార్డు,” అన్నాడు, వీధిలోకి వినబడేలా. “ఇరవై రెండు నెలలు. ఇంట్లో సెప్పనేదు. ఇప్పుడు సెప్పండి, ఎవుల దగ్గర ఏటి పెట్టినారో.”

నాతో చెప్పడానికి ఎనిమిదేళ్లు పట్టిన మాట అది. వంటింట్లో నిలబడి విన్నాను. ఒక కుర్రాడు గొంతు సవరించుకుని తన లెక్క మొదలుపెట్టాడు, మా ఆయన వాడి పక్కకి జరిగి కూర్చున్నాడు.