ఇంకో అర చుట్టు

ఆమెను అందరూ బొంగరం అంటారు. ఆ పేరు పెట్టింది మేనమామే. పుట్టుకతోనే పొట్టి మనిషి. చేతులూ కాళ్లూ కురచ. నిలబడితే తల మామయ్య నడుము బెల్టు దాకా వస్తుంది, నోరు మాత్రం ఆయన నెత్తి దాటి ఇంకో మూరెడు పైకి పోతుంది. రేసు కారు నడుపుతుందని తెలియగానే పత్రికలవాళ్లు ఎగబడి రాశారు. రాసిన ప్రతివాడూ "పిట్ట కొంచెం కూత ఘనం" అనే మొదలుపెట్టాడు. వీళ్లలో ఒక్కడికైనా ఇంకో సామెత రాదా అని ఆమె గోల.

ఆమె నడిపే రేసులో ఒక కారుకు ఇద్దరు డ్రైవర్లు. కారు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిరుగుతూనే ఉండాలి, మనుషులే వంతులవారీగా దిగి ఎక్కాలి. ఎవరు ఎంతసేపు నడపాలన్నది జట్టువాళ్ల ఇష్టం. బొంగరానికి జోడీ సొంత తమ్ముడే, తాటిచెట్టంత మనిషి. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే కొత్తవాళ్లు వాణ్ని "మీ పాపా?" అని అడుగుతారు. వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. ఆమె మాత్రం "అవునండీ, ఐస్‌క్రీమ్ కొనిపెట్టమంటే వినడు, కాస్త మీరైనా చెప్పండి" అంటుంది.

సీటు తమ్ముడి కొలతకు బిగించి ఉంటుంది. అక్క వంతు రాగానే వీపు వెనక అమ్మ కుట్టిన గట్టి మెత్త పెట్టాలి, కాళ్లు అందేలా పెడళ్ల మీద ఇనప దిమ్మలు బిగించాలి. ఆమె దిగగానే అన్నీ ఊడదీయాలి. ఈ పనంతా మెకానిక్ మామయ్యది. పనిమంతుడే, కాదనలేం. కాకపోతే దేన్ని బిగించినా "ఇంకో అర చుట్టు" అంటూ పానా తిప్పుతాడు. ఆయన కట్టేసిన కుళాయిని ఇంట్లో ఎవరూ విప్పలేరు. ఆయన మూతపెట్టిన సీసా జోలికి ఎవరూ పోరు. పైగా పొరపాటు చేశానని ఒప్పుకున్న పాపాన పోలేదు, కుళాయిదే తప్పంటాడు.

బొంగరానికి ఉన్నది ఒకటే కోరిక. రేసు ముగిసేటప్పుడు ఊపే గళ్ల జెండా కిందుగా తానే కారు నడుపుకుంటూ గీత దాటాలి. ఇన్నేళ్లలో ఒక్కసారైనా దాటలేదు. కారు ఓనరు ఎప్పుడూ మొదటి వంతూ చివరి వంతూ తమ్ముడికే ఇచ్చి, మధ్యలో ఆమెను ఇరికిస్తాడు.

ఆ రోజు పొద్దున్నే షెడ్డులో ఆమె ఓనరును పట్టుకుంది.

"సార్, ఈసారి ఆఖరి వంతు నాకివ్వండి."

"నువ్వు మధ్యలో ఉంటే ఫొటోలు బాగా వస్తాయమ్మా. చివర్లో మరి గెలవాలి కదా!"

ఆమెకు ఒళ్లు మండింది. "పోయినసారి మావాడు ఐదో స్థానంలో నా చేతికిచ్చాడు. నేను మూడులో అప్పగించా. మళ్లీ ఐదు చేసిందెవరు సార్?"

తమ్ముడు తన బూట్ల కేసి చూసుకున్నాడు. ఓనరు మాత్రం "ఇదే నా ఆఖరి మాట" అని వెళ్లిపోయాడు.

మామయ్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఏడవకే. కావాలంటే నేనేదో ఒక మాయ చేస్తాలే."

"ఏడుస్తున్నానా నేను? నీ మాయలూ వద్దు, మంత్రాలూ వద్దు. జాలిపడి ఇచ్చేది నాకెందుకు మామయ్యా? చెయ్యనని నా మీద ఒట్టెయ్యి."

ఆయన ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

రేసు మొదలైంది. తమ్ముడు తన వంతు నడిపి నాలుగో స్థానంలో కారు తెచ్చాడు. మామయ్య మెత్త దూర్చి, దిమ్మలు బిగించి, ఇంకో అర చుట్టు తిప్పి, కారు వీపు మీద చరిచాడు. బొంగరం వెళ్లింది. చెప్పొద్దూ, చూసినవాళ్లకు కళ్లు తిరిగాయి. మలుపులో ఒకణ్ని, తిన్నటి దారిలో ఇంకొకణ్ని దాటి, రెండో స్థానంలో షెడ్డుకు వచ్చి దిగింది. ఆమె పని ఇక అయిపోయినట్టే.

మామయ్య పానా పట్టుకుని కారులో తలదూర్చాడు. ఒక దిమ్మ ఊడింది, రెండోది ఊడలేదు. చెమటలు కక్కాడు, బోల్టును దాని తాతల దాకా తిట్టాడు. అది కదిలితే ఒట్టు.

"ఫర్లేదు, ఎలాగోలా నడుపుతా" అంటూ తమ్ముడు లోపల కూలబడ్డాడు. పెడల్ మీదికొచ్చింది, మోకాళ్లు గడ్డానికి తగిలాయి. స్టీరింగ్ తిప్పబోతే అది తొడల మధ్య ఇరుక్కుంది.

"అక్కా, నన్ను బయటికి లాగవే!"

"దిగరా బాబూ, దిగు! మామయ్యా, ఆ ఊడిన దిమ్మ మళ్లీ పెట్టు!"

ఓనరు టోపీ నేలకేసి కొట్టి, అరిచి, మళ్లీ టోపీ ఏరుకునేలోపు ఆమె వెళ్లిపోయింది. ఈ గందరగోళంలో కారు ఆరో స్థానానికి జారింది. ఆమె ఒక్కొక్కణ్నీ వెతికి పట్టుకుని దాటింది. అందరికన్నా ముందున్న ఎర్ర కారు మాత్రం అందలేదు. అందకపోతేనేం, గళ్ల జెండా ఆమె నెత్తి మీదుగా ఊగింది. హెల్మెట్ లోపల ఎవరికీ వినపడకుండా ఎంత కేక పెట్టాలో అంతా పెట్టింది.

షెడ్డులో ఓనరు ముఖం వెలిగిపోతోంది. మామయ్య భుజం తట్టి, "కావాలనే చేశావు కదూ? గట్టివాడివయ్యా!" అన్నాడు.

మామయ్య మీసం దువ్వాడు. "మరేమనుకున్నారు సార్? నా చేతిలో బోల్టు ఊరికే చెడుతుందా?"

అప్పుడే హెల్మెట్ తీసిన బొంగరం ఆ మాట విన్నది. ఆమె ముఖంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఒట్టేశావు కదా మామయ్యా" అంది.

గొంతు సన్నబడింది. అంత గొంతున్న మనిషి అలా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు. పానా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఓనరును చూశాడు, ఆమెను చూశాడు.

"కావాలని చెయ్యలేదే. ఇప్పుడు సార్‌తో అన్నదే అబద్ధం. బిగిస్తుంటే పానా జర్రున జారింది. బోల్టు తల అరిగిందని అప్పుడే అనుమానమొచ్చింది. అయినా చెయ్యి ఊరుకోదుగా, ఇంకో అర చుట్టు తిప్పా. తప్పు నాదే."

ఆ మనిషి నోట ఆ మాట వినడం షెడ్డులో అందరికీ అదే మొదటిసారి. బొంగరం నమ్మలేదు. కారులోకి తల్లకిందులుగా దూరింది. బయటికి ఆమె బూట్లు మాత్రమే కనిపిస్తున్నాయి. కాసేపటికి లోపలినుంచి కేక వినిపించింది.

"అరిగిపోయింది! మూలలన్నీ పోయాయి! నిజంగానే నాశనం చేశావు మామయ్యా!"

బయటికొచ్చి ఆయన నడుము వాటేసుకుంది. కళ్లు తుడుచుకుంటూ, "ఎందుకంత బిగిస్తావు చెప్పు?" అంది.

"నీ కాలు ఆనే చోటు కదే. వదులుగా ఉంటే నాకు గుండె ఆగదూ?"

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "ఆ బోల్టు కోసి పారేయండి. వచ్చే రేసులో ఆఖరి వంతు నీదేనమ్మా."

"మరి ఫొటోల సంగతి సార్?"

"ఫొటోలు మీ తమ్ముడికి తీయిద్దాంలే."

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది దాహం. మామయ్య నీళ్ల సీసా అందించాడు. మూత తిప్పింది, రాలేదు. తమ్ముడికిచ్చింది, వాడివల్లా కాలేదు. ఓనరు పళ్లబిగువున తిప్పి, చెయ్యి విదిలించుకుని సీసా తిరిగి ఇచ్చేశాడు.

"సీసాదే తప్పు" అన్నాడు మామయ్య.