సౌభాగ్య బకెట్

అబిడ్స్ వెనక మా గల్లీ చివర ఒక గ్యాస్ ట్యాంకు ఉంది. ఇరవై ఇళ్ల తడి చెత్త దాని పొట్టలో పడితే గ్యాస్ పుడుతుంది. కరెంటు పోయినప్పుడు ఆ గ్యాస్‌తో జనరేటర్ తిరిగి ఇళ్లకు లైను వస్తుంది. రోజుకో బకెట్ చెత్త ఇచ్చిన ఇంటికే లైను. బకెట్లు చూసి టిక్కు పెట్టేది నేను, రిటైర్డ్ టీచర్ మాబెల్. నలభై ఏళ్లు హోంవర్కులు దిద్దినదాన్ని, దోసకాయ ముక్క తగ్గినా ఊరుకోను.

సౌభాగ్య చీరలకు ఫాల్స్ కుట్టి బతుకుతుంది. మధ్యాహ్నం కరెంటు పోతే మిషన్ ఆగుతుంది, గిరాకీ నాంపల్లి దుకాణాలకు పోతుంది. లైను అందరికంటే ఆమెకే అవసరం. కానీ ఆ ఇంట్లో చెత్తే పుట్టదు. బీరకాయ తొక్కు పచ్చడవుతుంది, మిగిలిన అన్నం వడియాలవుతుంది. రోజూ బకెట్ అడుగున నాలుగు మునక్కాడ పిప్పులు తెచ్చేది.

"ఇది బకెటా, చెంచానా? రేపు నిండా తేకపోతే లైను కట్," అన్నాను.

"ఏం జెయ్యాలె టీచరమ్మా, పారేసుడు నాకు రాదు."

మర్నాడు బకెట్ బరువుగా తెచ్చింది. లోపల రెండు జాడీల ఆవకాయ. పారేయడానికి ఇంట్లో ఇంకేమీ దొరకలేదట. నా చేతికిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాంకులో ఊరగాయ వేయరాదని గోడ మీద రాసింది నేనే. మూత తీస్తే వాసన గుప్పుమంది. టిక్కు పెట్టేశాను.

మూడో రోజు గ్యాస్ ఆగిపోయింది. గల్లీ అంతా ట్యాంకు దగ్గర చేరింది.

"సౌభాగ్య ఊరగాయ ఏసింది, వాసన నాకు గూడ వచ్చింది. ఆమె లైను తీసేద్దాం," అన్నాడు కమిటీ ప్రెసిడెంటు రాజేందర్.

సౌభాగ్య తల దించుకుంది. చేతిలో సగం కుట్టిన చీర. నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

"ఆ ఆవకాయ ట్యాంకులో పడలేదు. మా ఇంట్లో ఉంది. ఒక జాడీ అయిపోయింది," అన్నాను.

అందరూ ఒకటే నవ్వు. నేను ఉడుక్కున్నాను. "నవ్వింది చాలు. ఆదివారం నేను చర్చికి పోయినప్పుడు జ్యూస్ బండి దగ్గర్నుంచి రెండు బస్తాల నిమ్మతొక్కలు తెచ్చి పోసిందెవరు, రాజేందర్? ఆ పులుపుకే దీని కడుపు చెడింది."

రాజేందర్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. "గట్లయితే ఆమె బకెట్ ఇయ్యనట్టే గదా మేడమ్. రూల్ రూలే."

"రేపటి నుంచి మా ఇంటి చెత్త ఆమె పేరు మీద రాస్తా. నేను చీకట్లో కూర్చుంటా, నీకేం నష్టం?"

పేడనీళ్లు పోసి, వారం పస్తుపెడితే ట్యాంకు కోలుకుంది. మొదటి రోజు నా బకెట్ నేనే మోసుకెళ్లి సౌభాగ్య గడపలో పెట్టాను. ఆమె మూత తీసి, వంగి చూసింది.

"గిదేంది టీచరమ్మా, గింత మంచి బీరతొక్కు పారేస్తున్నరా?"

ఒక్కొక్కటే ఏరి గిన్నెలో వేసుకుంది. బకెట్ నా చేతికి వచ్చేసరికి అడుగున నాలుగు మునక్కాడ పిప్పులు మిగిలాయి.

నిండా ఉందని టిక్కు పెట్టాను.